సుబ్బయ్య సందులో సడలింపులు

ఈ దేశంలో పరిపాలన సరిగ్గా నడిచింది ఒక్క లాక్‌డౌన్ రోజుల్లోనే అని నేనంటే మీరు కొట్టడానికొస్తారు. రండి. మాస్కు మాత్రం పెట్టుకుని రండి.

మామూలు రోజుల్లో మనల్ని ఎవరైనా పట్టించుకున్నారా? ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు, చేతిలో ఆ సంచి ఏమిటి అని అడిగిన నాథుడున్నాడా? కరోనా వచ్చాకే కదా, గడప దాటిన ప్రతి మనిషికీ అంత విలువ వచ్చింది!

నమ్మకపోతే నంద్యాల సుబ్బయ్య సంగతి వినండి.

సుబ్బయ్య పురుగుమందుల అంగట్లో గుమాస్తా. అంగడికి పర్మిషన్ ఉన్నా ఓనరు భయపడి షట్టరు దించేశాడు. ఇంట్లో చూస్తే భార్య రాములమ్మ లేదు. చెల్లెలి గృహప్రవేశానికని ఆళ్లగడ్డకు పోయి అక్కడే చిక్కుబడిపోయింది. పని లేదు, పలకరించే మనిషీ లేదు. అలాంటివాడు ఏం చేస్తాడు? దేశసేవ చేస్తాడు. సందు మొగదల రెండు డ్రమ్ముల మీద వెదురుబొంగు అడ్డం పెట్టి, పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ప్రభుత్వం పెద్ద పెద్ద విషయాలే చెప్పింది. రైళ్లు బంద్, సినిమా హాళ్లు బంద్, పాలకు ఓకే, మందులకు ఓకే. మరి పక్కింట్లో గుప్పెడు ఉప్పు అడగొచ్చా? ఎదురింటివాళ్లతో పోట్లాడొచ్చా? ఏ జీవోలోనూ లేదు. ఆ ఖాళీలన్నీ సుబ్బయ్య పూరించాడు.

ఉప్పుకు అనుమతి ఉంది, కానీ చేతికివ్వకూడదు. గడప మీద పెట్టి వెనక్కి జరగాలి. పోట్లాటకు పూర్తి స్వేచ్ఛ, ఎందుకంటే అది దూరం నుంచే రక్తి కడుతుంది. చెవిలో చాడీలు మాత్రం నిషేధం. చెప్పదలచుకుంటే సందంతా వినపడేలా చెప్పాలి. ఈ ఒక్క రూలుతో సగం చాడీలు ఆగిపోయాయి. పులిజూదానికి పర్మిషన్ దొరికింది గానీ, పులులవాడు ఒక మిద్దె మీద, మేకలవాడు ఇంకో మిద్దె మీద. ఎవరి పటం వాళ్లు గీసుకుని, ఎత్తులు కేకేసి చెప్పుకోవాలి.

ఊరికే తిరగడం నేరం. పాల కోసం తిరగడం నేరం కాదు. అందుకని ఆటో నడిపే అల్తాఫ్ ఖాళీ పాలక్యాను పట్టుకుని పొద్దస్తమానం తిరిగేవాడు.

"ఇంగా పాలు దొరకలేదేందప్పా?" అని సుబ్బయ్య అడిగితే, "ఎనుము ఆలోచన చేస్తాందన్నా" అనేవాడు.

అన్నిటికంటే గట్టి రూలు ఒకటుంది. బయటి ఊరివాళ్లకు ప్రవేశం లేదు. ఆ సందులోనే బట్టలు కుట్టే ఫాతిమున్నీసాను చూడ్డానికి అల్లుడు హుస్సేన్ శిరివెళ్ల నుంచి వస్తే బొంగు లేవలేదు.

"నా అల్లుడు సుబ్బన్నా. ఇంత అన్నం పెట్టి పంపిస్తా."

"అల్లుళ్లు అత్యవసర సరుకుల్లో లేరమ్మా."

ఆమె బొంగు మీదుగా క్యారియర్ అందించింది. అల్లుడు రోడ్డు మీద నిలబడి తింటుంటే ఇవతల నిలబడి చూసింది.

ఇంత ఘనంగా ఏలుతున్న సుబ్బయ్యకు ఒక్కటే లోటు. తిండి. ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెట్టి ఫోన్ చూస్తూ కూర్చుంటే, అవి గోడకు పోస్టర్లు అతికించుకోవడానికి పనికొచ్చేలా తయారయ్యాయి. అన్నం అడుగున మాడేది, పైన పలుకయ్యేది. మనిషి సగమయ్యాడు. "ఎట్లయినా చేసి వచ్చేయి రాములమ్మా" అని రోజూ ఆళ్లగడ్డకు ఫోన్.

ఒక పొద్దున ఆమె పాలవ్యాను డ్రైవరును బతిమాలుకుని వచ్చి, బొంగు ముందు దిగింది. సుబ్బయ్య ముఖం చాటంత చేసుకుని బొంగు ఎత్తబోయాడు.

మిద్దె మీద నుంచి ఫాతిమున్నీసా కేకేసింది. "ఆగు సుబ్బన్నా. బయటి ఊరోళ్లకు లేదంటివే."

"నా పెండ్లాం గదమ్మా."

"నా అల్లుడు గూడా నా అల్లుడే గదా."

మిద్దెలన్నీ నిండిపోయాయి. పులులవాడు, మేకలవాడు ఆట ఆపి మరీ చూస్తున్నారు. బొంగు లేస్తే రేపటి నుంచి తన మాట ఎవడూ వినడు. లేవకపోతే మళ్లీ ఆ మాడు అన్నమే. సుబ్బయ్య గడ్డం గోక్కున్నాడు.

"ఒక పని చేద్దాం. ఇంట్లోనే క్వారంటైన్. రెండు వారాలు వంటింట్లోనించి బయటికి రాకుండా ఉంటాది."

"మంచిదే. మల్ల ఆమె ముట్టుకున్నేది నువ్వెట్ల తింటావు?"

దానికి సుబ్బయ్య దగ్గర రూలు లేదు.

"ఏందయ్యా, లోపలికి రావల్నా వద్దా? ఎండ మండుతాంది" అంది రాములమ్మ.

ఈలోగా సంగతి తెలిసి ఆరోగ్య సిబ్బంది వచ్చారు. ఆమెను ఊరి చివర హాస్టల్లో పెట్టిన క్వారంటైన్ సెంటరుకు తీసుకుపోయారు.

కొన్నాళ్లకు సుబ్బయ్య దిగులుగా ఫోన్ చేశాడు. "ఎట్లుండావే?"

"పొద్దున ఇడ్లీ పెట్టినారు. మద్యాన్నం గుడ్డు. ఊరికే కూచోనుంటే అరటిపండు తెచ్చి చేతికిస్తాండారు. ఈ పొద్దు పప్పులో ఉప్పు తక్కువైందని నేనే అన్న్యా. పెండ్లయినంక ఇదే ఫస్టు."

"పరీక్ష ఏమాయె?"

"ఏం లేదని వచ్చింది."

"అయితే ఇంటికి రా."

"ఇంగో దఫా చెయ్యమని అడుగుతాండా. ఎందుకైనా మంచిది."

ఎంత అడిగినా సెంటరువాళ్లు ఉంచుకోలేదు. ఇంటికి పంపించేశారు. ఆ సాయంత్రం సుబ్బయ్య కాలు మీద కాలేసుకుని, "కాపీ" అన్నాడు.

"వంటిల్లు పొద్దున ఆరునించి తొమ్మిది దాకనే తెరిచేది. టైము దాటింది."

"ఎవురు పెట్టినారు ఈ రూలు?"

"సందుకు నువ్వు పెట్టలా? ఇంటికి నేను పెట్టినా."

పాఠకులారా, ఆలోచించండి. లాక్‌డౌన్‌లో రైళ్లు ఆగాయి, కోర్టులు ఆగాయి. గుళ్లూ మసీదులూ చర్చిలూ మూసి దేవుళ్లకు సైతం విశ్రాంతి ఇచ్చారు. అన్నన్ని జీవోలు రాశారే, ఒక్కదాంట్లోనైనా పొయ్యి ఆర్పమని ఉందా? మనం పూటకొక రకం వండించుకుని తిని, 'బోర్ కొడుతోంది' అని స్టేటస్ పెట్టుకున్నాం. ఆ గిన్నెలు ఎవరు తోమారు?

లాక్‌డౌన్ ఎప్పుడో ఎత్తేశారు. సుబ్బయ్య ఇంట్లో మాత్రం ఆ సడలింపు వేళలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. తొమ్మిది దాటితే ఎర్రగడ్డలు తరిగి కళ్లు తుడుచుకునేది ఆయనే. ఉగ్గాని ఇప్పుడు కుదురుతోందని ఫాతిమున్నీసా కూడా ఒప్పుకుంది.

కాబట్టి లాక్‌డౌన్ ఒక వరం అని నేను గట్టిగా వాదిస్తున్నాను. నచ్చితే పదిమందికి పంపండి. మా ఇంటి నంబరుకు మాత్రం వద్దు. ఇది రాస్తున్నంతసేపట్లో మా ఆవిడ మూడుసార్లు టీ తెచ్చిచ్చింది. ఏం రాస్తున్నావని అడిగితే, కరోనా జాగ్రత్తలని చెప్పాను.