ఏది ముందొస్తే అది

కృష్ణా డెల్టా ప్రభుత్వ వాహనాల పొదుపు మండలి అధ్యక్షులు గోవర్ధనరావు గారు బందరులో ఒక చారిత్రాత్మక ప్రకటన చేశారు. తన కొత్త కారుకి ఇకమీదట సింథటిక్ ఇంజనాయిలే వాడతారట. అయిదువేల కిలోమీటర్లకే మార్చి ప్రజల సొమ్ము ఒలకబొయ్యరట. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడే మారుస్తారట.

"మన విషయంలో ఏడాది ముందు రాదు. పదివేలే వస్తుంది," అన్నారు మైకులో. "దివిసీమలో నేను వెళ్ళని ఊరుండదు. ఆ ఆయిల్ పాలకాయతిప్పలో, సముద్రం ఒడ్డున, మంత్రిగారి చేతుల మీదుగా మారుద్దాం. ఏడాది తిరిగేసరికి మీటరు పదివేలు చూపించకపోతే రాజీనామా చేస్తాను."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు దుర్గాశ్రీనివాస్. ఫ్లెక్సీలు కట్టే స్థాయి నుంచి అయ్యగారి కారు నడిపే స్థాయికి ఎదిగిన కార్యకర్త. ఆ పైన అతనికి ఒకటే కోరిక, మార్కెట్ యార్డు చైర్మన్ పదవి. ఇప్పిస్తానని గోవర్ధనరావు గారు మాటిచ్చారు. ఆయన కుర్చీ ఉంటేనే ఇతనికి కుర్చీ.

గోవర్ధనరావు గారు ప్రజల్లోకి వెళ్ళని రోజు లేదు. ప్రజలంతా ఒకేచోట దొరికే పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ వెళ్ళేవారు, అంతే. హాలు నిండకముందే లోపలికి వెళ్ళడం నాయకుడికి మర్యాద కాదు కనక బయట కారులోనే కూర్చునేవారు. ఏసీ ఆగితే చొక్కా నలుగుతుంది కనక ఇంజను ఆగేది కాదు. మధ్యాహ్నాలకి మధ్యాహ్నాలు ఇంజను పనిచేసేది, మీటరు మాత్రం కల్యాణమండపం గేటు దాటేది కాదు.

ఓసారి మెకానిక్ ప్రసాద్ బానెట్ ఎత్తి చూసి మొహం చిట్లించాడు.

"నిలబెట్టి నడిపినా ఆయిల్ పాడవుద్దండి. ఇది బాగా నల్లబడిపోయింది. మార్చేద్దాం."

"పదివేలకి మారుస్తామని ప్రజలకి మాటిచ్చాం," అన్నారు గోవర్ధనరావు గారు. "ఆయిల్ కోసం మాట తప్పమంటావా?"

ప్రసాద్ బానెట్ మూసేశాడు. విలువలున్న మనిషితో ఏం వాదిస్తాడు?

ఏడాది గడువు దగ్గరపడింది. మంత్రిగారు తేదీ ఖాయం చేశారు. మీటరు చూస్తే మూడో వంతు కూడా కాలేదు. దుర్గాశ్రీనివాస్‌కి అన్నం సయించడం మానేసింది.

"ఉన్న నాలుగు రోజులూ దివిసీమ తిరిగేద్దామా సార్?"

"ఆ రోడ్ల మీదా? నా నడుం ఏమవ్వాలి?"

అవసరం మనిషికి బుర్ర పెంచుతుంది. మర్నాడే కారు గుడివాడలో పూర్ణచంద్రరావు గారి రైసుమిల్లు షెడ్డులోకి చేరింది. యాత్రకని నాలుగూ కొత్త టైర్లు వేయించారు. కారుని జాకీల మీదకి ఎత్తారు. తలుపులు మూసి, ఇంజను స్టార్ట్ చేసి, గేరు వేశారు. చక్రాలు గాల్లో గిర్రున తిరగసాగాయి.

గోవర్ధనరావు గారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు.

"మీరెందుకు సార్, ఇబ్బంది?"

"నేను లేకుండా కారు తిరిగితే ప్రజల్ని మోసం చేసినట్టు కాదుటయ్యా?"

నిజాయితీ అంటే అదీ. దుర్గాశ్రీనివాస్ కళ్ళు చెమర్చాయి. స్టీరింగ్ పట్టుకుని "నాగాయలంక వచ్చిందండి... కోడూరు వచ్చిందండి," అంటూ వరసగా ఊళ్ళు చెప్పసాగాడు. అయ్యగారు అద్దం దించి ధాన్యం బస్తాలకి చెయ్యి ఊపారు. పూర్ణచంద్రరావు గారు కూడా సమయస్ఫూర్తి గల మనిషి. పక్కనే నిలబడి, మిల్లుకి కరెంటు సరిగా రావట్లేదని విన్నపం చేసుకున్నారు. "పరిశీలిస్తాం," అంటూ కారు ముందుకి సాగింది, ఉన్నచోటనే.

గడువుకి ముందురోజు మీటరు సరిగ్గా పదివేలు చూపించింది. ఇక నడిపితే అంకె చెడిపోతుంది కనక కారుని చేపల లారీలోకి ఎక్కించి, టార్పాలిన్ కప్పి పాలకాయతిప్పకి పంపారు.

మంత్రిగారు మీటరు చూసి గోవర్ధనరావు గారిని కౌగిలించుకున్నారు. ఫొటోగ్రాఫర్ల ముందు ఆయిల్ బోల్టు విప్పించారు. ఏమీ పడలేదు. ఇంకాసేపు చూశారు. అప్పుడు ముదిరిపోయిన పాకంలా నల్లటి ముద్ద ఒకటి మెల్లగా జారింది.

"ఇదేంటండీ?" అన్నారు మంత్రిగారు.

"ప్రజాసేవ సార్," అన్నారు గోవర్ధనరావు గారు. చప్పట్లు మోగాయి.

జనంలోంచి చేపలమ్ముకునే అచ్చమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, ఇక్కడి నుంచి మా ఊరికి రోడ్డు లేదు. పురిటి మనిషిని మంచం మీద మోసుకొచ్చాం. ఆటో కూడా రాదు."

మంత్రిగారు నవ్వారు. "రోడ్డు లేకపోతే ఈ కారు మీ ఊళ్ళన్నీ ఎలా తిరిగిందమ్మా? పదివేల కిలోమీటర్లు ఊరికే తిరిగిందా?" పక్కనున్న అధికారి వైపు తిరిగి, ఈ ప్రాంతంలో రోడ్ల సమస్య తీరిపోయిందని రాసుకోమన్నారు.

అచ్చమ్మ కారు వైపు చూసింది. వంగి టైరు మీద చెయ్యి వేసింది.

"దీనికి కొట్లోంచి తెచ్చినప్పటి నూగు ఇంకా పోలేదేంటి బాబూ?"

మంత్రిగారు కూడా వంగి తడిమారు. కొత్త రబ్బరు నూగు వేళ్ళకి గుచ్చుకుంది. దుర్గాశ్రీనివాస్‌కి కాళ్ళ కింద ఇసక కదిలింది. పదవి పోయిందనే అనుకున్నాడు. మంత్రిగారు అతన్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో అడిగారు. అతను రైసుమిల్లు పేరు చెప్పాడు.

వారం తిరక్కుండా దుర్గాశ్రీనివాస్ మార్కెట్ యార్డు చైర్మన్ అయ్యాడు. అచ్చమ్మ ఊరికి రోడ్డు రాలేదు గానీ ఇతనికి కొత్త కారు వచ్చింది. ప్రమాణ స్వీకారం రోజున మైకు అందుకుని, బంటుమిల్లి నుంచి నందివాడ దాకా ప్రతి రైతు గట్టు దగ్గరికీ తనే స్వయంగా వస్తానని ప్రకటించాడు. వేదిక దిగగానే గుడివాడకి ఫోన్ చేశాడు.

"పూర్ణచంద్రరావు గారూ, రేపు కారు తీసుకొస్తున్నానండి. జాకీలు సిద్ధం చేయించండి."

"రేపు కుదరదు బాబూ," అన్నారు పూర్ణచంద్రరావు గారు. అవతల ఇంజను హోరులో ఆయన మాట సరిగా వినిపించడం లేదు. "మంత్రిగారు రాయలసీమ పర్యటనలో ఉన్నారు. ఇంకా కర్నూలు కూడా దాటలేదు."