ఎకో డబ్బాలో అవ్వ

1973లో ఒక శీతాకాలపు పొద్దున బోధన్‌లో మైకుసెట్ల లింబయ్య వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం పక్క ఊళ్లో చెరకు రైతుల సభ. ఆ తర్వాత నిజామాబాద్ నుంచి వచ్చే రామస్వామి గిటారు కచేరీ. పాత టేప్ రికార్డరు విప్పి, మూడు నెలలు తంటాలు పడి తాను కట్టిన ఎకో డబ్బాను అక్కడ అందరికీ వినిపించాలి.

మైకు తీగ, గిటారు తీగ రెండూ ఆ డబ్బాలోకి పోతాయి. కొసలు అతికించిన మూరెడు టేపు లోపల గుండ్రంగా తిరుగుతూ, విన్నదాన్ని పట్టుకుని, క్షణం ఆగి మళ్లీ పలుకుతుంది. పలికాక తుడిచేసుకుంటుంది. అక్కడి నుంచి శబ్దం గుంజలకు కట్టిన రెండు హారన్లకు చేరుతుంది.

సభ మొదలవుతుందనగా టేపు పుటుక్కున తెగింది. లింబయ్య సంచిలోని పాత చుట్ట నుంచి మూరెడు కత్తిరించి, వినకుండానే అతికించాడు. ఆ తొందరలో పట్టే తీగ, తుడిచే తీగ ఊడిపోయిన సంగతి చూడలేదు. ఇక ఆ టేపు తనలో ఉన్నది పలకడం తప్ప మరేమీ చేయలేదు.

రైతు సంఘం అధ్యక్షుడు కాశయ్య మైకు ముందుకు వచ్చాడు. నిరుడు తల్లి హన్మవ్వ పోయినప్పటి నుంచి తమ్ముడు ఎర్రన్నకు భూమిలో వాటా ఇవ్వలేదు, మాటలూ లేవు. ఎర్రన్న జనం వెనక చెరకు గట్టున నిలబడి ఉన్నాడు.

"అందరికి దండం," అన్నాడు కాశయ్య. లింబయ్య ఎకో డబ్బా మీట నొక్కాడు.

"కాశయ్యా," అంది హారన్. "తమ్మునికి ఇచ్చినవా?"

అది హన్మవ్వ గొంతు. ఆ ఊళ్లో దాన్ని ఎరగనివాళ్లు లేరు. చెరకు ఆకు కదల్లేదు. ఆడవాళ్లు కొంగులు నెత్తిమీదికి లాక్కున్నారు. ఏడుస్తున్న చంటిది ఏడుపు ఆపి హారన్ వైపు చూసింది.

"కాశయ్యా. తమ్మునికి ఇచ్చినవా?"

"ఇస్తనే అవ్వా." కాశయ్య హారన్ వైపు తలెత్తాడు. "కాలువ కింద ఎకరం ఇస్త."

"కాశయ్యా. తమ్మునికి ఇచ్చినవా?"

"రెండెకరాలు."

లింబయ్యకు మీట సంగతే గుర్తుకు రాలేదు. గిటారు తీగ పీకాడు. మైకు తీగ పీకాడు. హారన్‌లో కాశయ్య గొంతు పోయింది గాని హన్మవ్వ గొంతు పోలేదు.

"బంజెయ్ లింబయ్యా," అన్నాడు రామస్వామి, గిటారు కింద పెట్టి చేతులు జోడిస్తూ.

"తీగలే లేవు సార్. ఏం బంజెయ్యాలె?"

శబ్దం తగ్గించే బిరడా తిప్పబోతే, తొందరలో అది పెంచే వైపు తిరిగింది. గొంతు రెట్టింపై, చెరకు తోటల మీదుగా పోయి, చక్కెర ఫ్యాక్టరీ గోడకు తగిలి వెనక్కి వచ్చింది. ఇచ్చినవా... ఇచ్చినవా...

"సగం ఇస్త," అని కాశయ్య జనం వైపు తిరిగి అరిచాడు. "బాయి నీళ్లు గూడ సగం. ఇంతమంది సాక్షి."

లింబయ్య బ్యాటరీ తీగ తెంచేశాడు. కచేరీ జరగలేదు.

ఇంటికి పోయి డబ్బా విప్పి చూసి, ముక్క కత్తిరించిన పాత చుట్ట కూడా విన్నాక అతనికి అసలు సంగతి తెలిసింది. తెల్లారి టేపు ముక్క పట్టుకుని కాశయ్య ఇంటికి పోయాడు.

"తప్పయింది పటేలా. గది అవ్వ ఆత్మ గాదు. నాలుగేండ్ల కింద మీ ఇంట్ల లగ్గం పాటలు పట్టిన టేపు. పాటల నడుమ అవ్వ లడ్డు సంగతి అడిగింది, భూమి సంగతి గాదు. ఇంక కాయితం గాలే, మాట మార్సుకోవచ్చు."

కాశయ్య ఆ ముక్కను తీసుకున్నాడు. తర్వాత తలకు రుమాలు చుట్టుకుని, రిజిస్ట్రీకి పోదాం రమ్మని ఎర్రన్నకు కబురు పంపించి, చెప్పులు తొడుక్కున్నాడు.

"లడ్డు గూడ ఇయ్యలే, లింబయ్యా," అన్నాడు.