మంచం ఖాళీ అయితేనే ఎరుపు

ఎమర్జెన్సీ వార్డులో రోగి చేతికి రంగు పట్టీ కట్టే పద్ధతిని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట! మానవజాతికి ఇంతకు మించిన మేలు ఇంకొకటి జరగలేదని ఒట్టేసి చెబుతాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. గుమ్మంలోనే నర్సు మిమ్మల్ని చూసి పట్టీ కడుతుంది. ఎరుపంటే ప్రాణం మీదికొచ్చింది, వెంటనే మంచం ఎక్కించాలి. పసుపంటే కాసేపు ఆగొచ్చు. ఆకుపచ్చంటే మీరు ఇంట్లో కూర్చోవడానికి బదులు ఇక్కడ కూర్చున్నారు, అంతే.

ఇదివరకు ఏం జరిగేది? ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే ముందు వంతు. వేలికి ముల్లు గుచ్చుకున్నవాడు పెడబొబ్బలు పెట్టి లోపలికి పోయేవాడు. కాలు విరిగిన పెద్దమనిషి మర్యాదకు పోయి గుమ్మంలోనే ఉండిపోయేవాడు. ఇప్పుడా అన్యాయం లేదు. అందరూ సమానంగా గుమ్మంలోనే ఉంటున్నారు!

మొన్న మా బావకి ఛాతీలో నొప్పొచ్చింది. బావ దర్జీ. కత్తిరిస్తున్న గుడ్డ మీదే వాలిపోయాడట. ఒళ్లంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగేస్తోందంటాడు. అక్కా నేనూ ఆటోలో వేసుకుని పరిగెత్తాం. నర్సు నాడి చూసింది, బీపీ చూసింది, తలుపు తీసి వార్డులోకి తొంగి చూసింది. చూసొచ్చి పసుపు కట్టింది.

"అదేంటమ్మా, గుండెనొప్పికి పసుపేంటి?" అంది అక్క.

"ఎరుపే కట్టాలమ్మా. కడితే వెంటనే మంచం ఇవ్వాలి. ఉన్నవే రెండు, రెండిట్లోనూ మనుషులున్నారు. ఖాళీ అవగానే మార్చేస్తాను," అంది నర్సు. పాపం, తనే ఓ మాత్ర తెచ్చి బావ చేత నమిలించి, గోడకి ఆనించి కూర్చోబెట్టింది.

చూశారా ఎంత శాస్త్రీయమో! ఇన్నాళ్లూ జబ్బు గుండెలో ఉంటుందని భ్రమపడ్డాం. కాదు, మంచంలో ఉంటుంది. మంచం లేకపోతే ప్రమాదమూ లేదు! ఆ రెండూ కూడా పీకేస్తే ఊళ్లో ఎవరికీ ప్రాణాపాయమే ఉండదు కదా? ఈ సలహా పైవాళ్లకి ఉచితంగా ఇస్తున్నాను.

మా అదృష్టం కొద్దీ, పద్ధతి ఎలా పనిచేస్తోందో చూడడానికి పెద్దాఫీసు నుంచి ఒక అధికారి ఆరోజే వచ్చాడు. వరండా అంతా కలయజూశాడు. బెంచీల మీద, నేల మీద, మెట్ల మీద అంతా పసుపూ ఆకుపచ్చా. ఎక్కడా ఎరుపు లేదు! ఆయన మొహం వెలిగిపోయింది.

"వెయిటింగ్‌లో ఒక్క సీరియస్ కేసు కూడా లేదు, వెరీ గుడ్!" అని, నేరుగా బావ దగ్గరికే వచ్చాడు. "ఏమండీ, మా సేవలకి ఐదుకి ఎన్ని మార్కులిస్తారు?"

బావ, వెళ్లవయ్యా బాబూ అన్నట్టు చెయ్యెత్తాడు. చేతికి వేళ్లు ఐదున్నాయి కనుక ఆయన ఐదే వేసుకున్నాడు!

అక్క ఇవేవీ వినడం లేదు. తలుపుకేసి చూస్తూ, "దేవుడా, ఒక్క మంచం ఖాళీ చెయ్యి తండ్రీ, ఒక్కటంటే ఒక్కటి," అని గొణుగుతోంది. లోలోపల నేనూ అదే అనుకున్నాను. మీరైతే అనుకోరా?

ఖాళీ అయింది. ముందు లోపల ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది, తర్వాత దుప్పటి కప్పిన స్ట్రెచర్ బయటికొచ్చింది. నర్సు పరుగున వచ్చి, పసుపు తెంపి ఎరుపు కట్టి, బావని లోపలికి తోసుకుపోయింది. అధికారి వాచీ చూసుకుని, "ఎరుపు కట్టాక నిమిషం కూడా ఆగలేదు!" అని పొంగిపోయాడు.

బావ బతికాడు. మిషన్ తొక్కుతానని అప్పుడే పేచీ మొదలెట్టాడు కూడా. అక్కకి మాత్రం నిద్ర లేదు. "ఆరోజు లోపల ఏడ్చినావిడ ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని చూడనురా?" అని రోజూ నన్నడుగుతోంది.

పెద్దలారా, రంగులు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోండి. ఆ వార్డులో ఇంకో మంచం మాత్రం వేయించండి. మొగుడు బతకాలంటే పక్కవాళ్ల మనిషి పోవాలని దేవుణ్ణి అడుక్కునే గతి మా అక్కకి పట్టించింది మీరే.