జెండా కింద వేలాడిన గుండీ

దర్జీగారు ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అలవాటు కొద్దీ కాలరు వెనక దారం ఎక్కించిన సూది గుచ్చుకుని, భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని స్వాతంత్ర్య కూడలికి బయలుదేరారు. దేశం జెండా మొట్టమొదట ఎగిరిన చోటు అది. అక్కడి కాపలా భటులు ఆ రోజే కొత్త కోట్లు వేసుకుంటున్నారు. కుట్టింది సాక్షాత్తూ ఈయనే. గుండీలు మాత్రం భార్య కుట్టింది. అధికారికి నచ్చితే దళమంతటికీ కుట్టే పని ఈయనకే వస్తుంది.

"అతుకుల బావ అని ఏడిపించావు కదరా, ఇవాళ కళ్లు పెద్దవి చేసుకుని చూడు!"

"చూస్తాలే బావా. రెండు చేతులూ ఒకే పొడవుంటే అదే పదివేలు," అన్నాడు బావమరిది.

జెండా స్తంభం కింద భటులు బొమ్మల్లా నిలబడ్డారు. కాపలాలో ఉన్నంతసేపూ కదలకూడదు, మాట్లాడకూడదు. ఆ కోట్లు చూసి దర్జీగారి ఛాతీ ఉప్పొంగింది. అంతలో చివరి భటుడి మీద కన్ను పడింది. రెండో గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది!

"నీ చేతి పనే ఇది," అని భార్యతో గొణిగారు.

"నా గుండీ ఊడటమా? కోటైనా చిరగాలి గానీ గుండీ ఊడదు!"

"అధికారి చూశాడంటే కొంప మునుగుతుంది," అంటూ ఆయన అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరారు.

"బాబూ, కదలకు," అన్నారు భటుడితో. కదలడం ఎలాగూ అతని చేతిలో లేదు. చకచకా కుట్టి, ముడి వేసి, కత్తెర లేక వంగి దారాన్ని పళ్లతో కొరికారు.

వెనక నుంచి చూసే జనానికి ఓ పెద్దాయన సైనికుడి గుండెను ముద్దాడినట్టు కనిపించింది. "స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లినాయన అయ్యుంటాడు," అన్నారెవరో. పక్కవాళ్లు ఇంకో రెండు జైళ్లు కలిపారు. ఓ ముసలావిడ కళ్లొత్తుకుంటూ వచ్చి తానూ ఆ కోటును ముద్దుపెట్టుకుంది. ఆవిడ వెనక వరస కట్టారు. ఈ హడావిడి చూసి ముఖ్య అతిథి వచ్చేశాడనుకున్న బ్యాండు నాయకుడు జాతీయగీతం మొదలుపెట్టించాడు.

జారుకుందామనుకున్న దర్జీగారు చేతిలో సూదితోనే ఉన్నపళంగా నిటారుగా నిలబడిపోయారు. పైన జెండా ఎగురుతోంది. దాని కింద తన కుట్టు నిలబడి ఉంది. ఆయనకు ఏడుపు ఆగలేదు. ఆ కాసేపు గుండీ సంగతే మరిచిపోయారు.

గీతం అయ్యేసరికి అధికారి ఎదురుగా ఉన్నాడు. "ఎవరయ్యా నువ్వు? ఆ సూదేంటి?"

"దర్జీనండి. గుండీ వదులైంది. తప్పు నాదే."

"కాదండీ, గుండీలు కుట్టింది నేను," అంటూ భార్య ముందుకొచ్చింది.

అప్పుడే కాపలా మారడంతో ఆ చివరి భటుడు నోరు విప్పాడు. "వీళ్ల తప్పేం లేదు సార్. గుండీ గట్టిదో కాదో చూద్దామని పొద్దున నేనే లాగాను. ఎంతకీ రాకపోయేసరికి పంతం వచ్చింది. బ్లేడు పెట్టాను."

అధికారి భటుణ్ని ఓ చూపు చూసి, వరస వైపు తిరిగాడు. అది ఇంకా పెరుగుతూనే ఉంది. "జనం దీన్ని వేడుక అనేసుకున్నారు. ఇక తప్పదు, ఏటా ఈ రోజున మీరొచ్చి కుట్టాల్సిందే. దళం కోట్లు కూడా మీవే," అన్నాడు దర్జీగారితో.

"మా బావేనండీ! మా అక్కయ్యేనండీ!" అని బావమరిది కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

అప్పట్నుంచి ఏటా ఆ రోజుకు చివరి కోటు గుండీ ఒకటి వదులుగా ఉండాలి. మొగుడూ పెళ్లాలిద్దరికీ వదులుగా కుట్టడం చేతకాకపోవడంతో, ఆ పని బావమరిదికి అప్పగించారు.