పద్నాలుగు మంది నిపుణులు, ఒక బుల్‌పప్

కనాటా తెలుగు తుపాకీ పరిజ్ఞాన వేదిక మూడవ వార్షిక సర్వసభ్య సమావేశం జూన్ నెలలో, కెనడాలో ఒట్టావా శివారున ఒక సభ్యుడి ఇంటి బేస్‌మెంటులో, అత్యంత జయప్రదంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆనాటికి సభ్యులు పద్నాలుగు మంది. అందరూ ఇంజనీర్లే, అందరూ తుపాకీ శాస్త్రంలో తలపండినవారే. తుపాకులు మాత్రం, నివేదికలో చూపిన ప్రకారం, సున్నా. దీన్నొక లోటుగా చూసే సంకుచిత దృష్టి వేదికకు ఏనాడూ లేదు. జాతకం చెప్పేవాడు శనిగ్రహం మీద కాలుపెట్టి వచ్చే చెబుతున్నాడా?

వేదికకు ఊపిరి పోసే ప్రశ్న ఒక్కటే. బుల్‌పప్ రైఫిల్ గొప్పదా, కాదా? తెలియనివారి కోసం రెండు ముక్కలు. మామూలు రైఫిల్లో తూటాలుండే పెట్టె, అంటే మ్యాగజైన్, ట్రిగ్గరుకు ముందుంటుంది. బుల్‌పప్‌లో ట్రిగ్గరు ముందుకు జరిగి, పెట్టె, పేలుడు, సమస్తం వెనక్కి, కాల్చేవాడి చెంప దగ్గరికి వచ్చేస్తాయి. గొట్టం పొడుగు తగ్గదు గానీ తుపాకీ పొట్టిదవుతుంది. మా వైపు ముసలమ్మలు అడ్డపొగ పీల్చేది ఈ సూత్రం మీదే. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. గాలికి ఆరదు, పనికి అడ్డం రాదు, చూసేవాడికే కాస్త గుండె జారుతుంది. ఈ ఉపాయం తామే కనిపెట్టామని యూరప్‌ వాళ్ళు అనుకుంటున్నారు. అనుకోనిద్దాం.

వేదిక అధ్యక్షులు యోగానంద్ గారు బుల్‌పప్ మానవ మేధస్సుకు పరాకాష్ఠ అని నమ్మినవారు. కార్యదర్శి జ్ఞానశేఖర్ గారు అది ఇంజనీరింగుకు పట్టిన తెగులని నమ్మినవారు. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళ కిందట ఒకే చలికాలంలో ఒట్టావా విమానం దిగి, ఒకే అద్దె బేస్‌మెంటులో వండుకుని, ఒకే పాత కారులో డ్రైవింగ్ నేర్చుకున్నవారు. ఒకరి మతం ఒకరికి అడ్డం రాలేదు, ఒకరి గోదావరి యాస ఒకరి తెలంగాణ యాసకు అడ్డం రాలేదు. మ్యాగజైన్ అడ్డం వచ్చింది.

బుల్‌పప్ ట్రిగ్గరు దూరాన్నుంచి ఒక కడ్డీ ద్వారా పనిచేస్తుంది కాబట్టి, నొక్కితే నానబెట్టిన శనగలు నొక్కినట్టుంటుందని జ్ఞానశేఖర్ గారు ఇరవై రెండు పేజీల పత్రం సమర్పించారు. ఆయన ఏ ట్రిగ్గరూ నొక్కి ఎరుగరు. శనగలు నొక్కి చూశారు. చంక కింద ఉండే మ్యాగజైన్‌ను మార్చడం ఎంత సులువో నిరూపించడానికి యోగానంద్ గారు ఒంటారియోలో అమ్మే పాలసంచీని చంకలో ఇరికించుకుని నెలరోజులు సాధన చేశారు. ఒకటి హాల్లో పగిలింది. మినిట్స్ పుస్తకంలో దీన్ని 'ప్రయోగ సమయంలో స్వల్ప ద్రవనష్టం' అని నమోదు చేశారు. తరవాత ఆయన మంచు తోసే పార చేతిపిడిని సగానికి కోసి బుల్‌పప్ నమూనా తయారుచేశారు. "డాడ్, ఇట్స్ జస్ట్ అ షవల్" అని కూతురు తేజశ్రీ అన్నది గానీ, సభ్యురాలు కానందున ఆమె అభిప్రాయాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.

మహీధర్ గారని ఎడమచేతివాటం సభ్యుడొకరున్నారు. కాలిన తూటా డొల్ల కుడివైపుకు ఎగురుతుంది కనుక, ఎడమచేతివాడు బుల్‌పప్ పేలిస్తే అది నేరుగా చెంపకు తగులుతుందని ఒక వీడియోలో చూసినప్పటినుంచి ఆయన చెంప నిమురుకుంటూనే ఉన్నారు. ఎడమచేతివాటం వారి చెంపలకు ప్రత్యేక రక్షణ కల్పించాలని తీర్మానం పెట్టించి నెగ్గించుకున్నారు.

ఇంతలో ప్రభుత్వం ఈ జాతి తుపాకుల్లో చాలావాటిని నిషేధ జాబితాలో చేర్చింది. చర్చ చల్లబడుతుందని మీరనుకుంటారు. రెట్టింపైంది. నీళ్ళలో గేదెను పెట్టి బేరమాడేవాడికి ఎప్పటికైనా గేదె గట్టెక్కుతుందన్న భయముంటుంది. ఇక్కడ ఆ భయం కూడా పోయింది.

ఆ ఊపులోనే, అక్టోబరులో, ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, పులిహోర గిన్నె దగ్గర, జ్ఞానశేఖర్ గారు యోగానంద్ గారితో, "నువ్వు చూసే వీడియోలు కూడా పాతవేరా" అన్నారు. వేదిక చరిత్రలో ఇంతకుమించిన తిట్టు లేదు. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. సభ్యులు రెండు గదుల్లో కూర్చోసాగారు.

గోర్డన్ అనే పెద్దాయన లేకపోతే వేదిక ఇలా ప్రశాంతంగా సాగిపోయేదే. యోగానంద్ గారి ఆఫీసులో రిటైరైన ఈ పెద్దమనిషి దగ్గర, నిషేధం అంటని, మ్యాగజైన్ ఉన్నా ఒక్కో తూటా చేత్తో గుంజి ఎక్కించే పాత బుల్‌పప్ ఒకటుందని తెలిసింది. రమ్మన్నాడు, కాల్చి చూడమన్నాడు. వాళ్ళ షూటింగ్ క్లబ్బులో మాత్రం లైసెన్సు లేనివాడు తుపాకీ ముట్టకూడదు. యోగానంద్ గారు వేదికకు ఈమెయిల్ పంపారు. జూన్ సమావేశం లోపు లైసెన్సు తెచ్చుకుని, స్వయంగా కాల్చి, తుది తీర్పు ప్రకటిస్తానని, అది తన సిద్ధాంతానికి వ్యతిరేకంగా వస్తే అధ్యక్ష పదవి వదిలేస్తానని ప్రతిజ్ఞ చేశారు. పద్నాలుగు మందిలో పదముగ్గురు ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. తీర్పు వస్తే తరవాత ఏం మాట్లాడుకోవాలన్నది వారి బెంగ.

జనవరిలో ఆయన ఒకరోజు భద్రతా తరగతికి హాజరై ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష పెట్టిన అధికారికి బుల్‌పప్ విశిష్టతను వివరించబోయినందుకు రెండు మార్కులు పోయాయి. తరవాత దరఖాస్తు ఫారం. అందులో భార్య సంతకం అడిగారు. కమలకుమారి గారు ఫారం చూడనైనా చూడలేదు.

"సంతకానికేముందండీ, పెడతాను. ముందు మీరు కోసేసిన పారకి బదులు కొత్తది కొనుక్కొచ్చి, డ్రైవ్‌వే క్లీన్ చేయండి. ఆ పొట్టిదాంతో ఒంగి ఒంగి నా నడుం పట్టేసింది."

బుల్‌పప్ వల్ల వాడేవారికి కలిగే అసౌకర్యం గురించి వేదికలో వెలువడిన తొలి ప్రత్యక్ష సాక్ష్యం ఇది. దురదృష్టవశాత్తు మినిట్స్‌లోకి ఎక్కలేదు.

అసలు చిక్కు ఆ తరవాతి గడిలో ఉంది. కనీసం మూడేళ్ళుగా తనను ఎరిగినవారు ఇద్దరు, ఈయన వల్ల ఎవరికీ ముప్పు లేదని సంతకం పెట్టాలి. ఒకటి పక్కింటాయన పెట్టాడు. రెండోదానికి యోగానంద్ గారు ఫోన్లో పేర్లన్నీ వెతికారు. నాలుగొందల పైచిలుకున్నాయి. తన వర్గంలోని ఆరుగురూ అమెరికా మీదుగా వచ్చి రెండేళ్ళైనా కానివాళ్ళు. మిగతావాళ్ళు పండగకి ఫోటోలో పక్కన నిలబడేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళలో ఆయనకు తెలిసినవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆయన్ను తెలిసినవాడు ఒక్కడే, వాడితో మాటల్లేవు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి బూట్ల మంచు దులుపుకుంటున్న జ్ఞానశేఖర్ గారి ముందు ఆయన ఫారం పట్టుకుని నిలబడ్డారు.

"సంతకం కావాలి."

"ఏమని?"

"నేను ప్రమాదకరమైన మనిషిని కానని."

జ్ఞానశేఖర్ గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచీ చదివారు. ఒకచోట ఆగారు. "ఇక్కడ, గత రెండేళ్ళలో నీకు ముఖ్యమైన సంబంధం ఏదన్నా తెగిపోయిందా అని అడుగుతున్నాడు. ఖాళీగా వదిలేశావేంటి?"

"నిన్నడిగి నింపుదామని."

లోపల జ్ఞానశేఖర్ గారి భార్య ప్రేమజ్యోతి గారు టీ గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది.

"లేదని టిక్కు పెట్టు. పెట్టి లోపలికి రా, చలిగాలి కొడుతోంది" అని జ్ఞానశేఖర్ గారు సంతకం చేశారు. చేశాక, గొంతు తగ్గించి, ఆ తరగతి ఎక్కడ చెబుతారో తనకూ కనుక్కోమన్నారు. ఆయన ఫారంలో యోగానంద్ గారు ఒక సంతకం పెట్టారు, పాస్టరు గారు ఒకటి పెట్టారు.

లైసెన్సులు మే నెలలో వచ్చాయి. ఇద్దరూ ఒకే కారులో గోర్డన్ క్లబ్బుకు వెళ్ళారు. ఒక్కొక్కరు పది తూటాలు కాల్చారు. ట్రిగ్గరు శనగల్లా లేదు. చంక కింద మ్యాగజైన్ మార్చడం పాలసంచీలాగానూ లేదు. పదింటిలో యోగానంద్ గారివి ఆరు అట్టకు తగిలాయి, జ్ఞానశేఖర్ గారివి ఏడు. దీన్నెందుకు కొన్నావని అడిగితే, పొట్టిది కదా, ట్రక్కులో సీటు వెనక పడుతుందన్నాడు గోర్డన్. ముప్ఫై ఏళ్ళలో ఆయనకు ఇంతకుమించి చెప్పవలసింది కలగలేదు. తిరుగు దారిలో చాలాసేపటికి యోగానంద్ గారు, "బాగానే ఉందిరా" అన్నారు. ట్రిగ్గరు కాస్త బరువనిపించిందని, అయినా బాగానే ఉందని జ్ఞానశేఖర్ గారు అన్నారు.

జూన్ సమావేశంలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఇదే తుది తీర్పుగా ప్రకటించారు. 'బాగానే ఉంది.' రెండు గదుల వాళ్ళూ ఒక గదిలోకి వచ్చి మరీ మండిపడ్డారు. మూడేళ్ళ పరిశోధనను రెండు మాటల్లో తేల్చడం వేదికను అవమానించడమేనన్నారు. గొప్పదనాలి, లేదా తెగులనాలి, బాగానే ఉందనడం ఏ సిద్ధాంతమని నిలదీశారు. అప్పుడు మహీధర్ గారు ఒక చెయ్యి చెంప మీద, ఒక చెయ్యి కాగితం మీద ఉంచి ఇలా ప్రసంగించారు.

"సోదరులారా, ఈ ఇద్దరు పెద్దలంటే మనకు అపారమైన గౌరవం. కానీ వారు తుపాకీ ముట్టుకున్నారు. ముట్టుకున్న మనిషి దాన్ని నిష్పాక్షికంగా చూడగలడా? కలుషితం కాని మనసుతో ఆలోచించగలవాళ్ళం, ఈ గదిలో, మనం పన్నెండుమందిమే మిగిలాం. స్వానుభవం కలిగినవారు సభ్యత్వానికి అనర్హులని నియమావళిని సవరించవలసిందిగా కోరుతున్నాను."

సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది. మహీధర్ గారు అధ్యక్షులయ్యారు. మాజీలిద్దరికీ శాలువాలు కప్పి, వారి సేవలను కొనియాడి, తలుపుదాకా సాగనంపారు. వాళ్ళు బయటికెళ్ళి కారులో కూర్చుని పెద్దగా నవ్వుకున్నారని కొందరంటారు. ధ్రువపడలేదు.

ఇక మీ సంగతి. మీరు బుల్‌పప్‌ను కంటితో చూసి ఉండరు. అయినా ఇంతవరకు చదివేసరికి అది మంచిదో చెడ్డదో మీకొక గట్టి అభిప్రాయం ఏర్పడే ఉంటుంది. దాన్ని ఎవరైనా కాదంటే వాదించడానికి కూడా సిద్ధంగానే ఉంటారు. వేదికలో ప్రస్తుతం రెండు స్థానాలు ఖాళీ ఉన్నాయి.