జీడిపప్పు బస్తా మీద కెమెరా

ఆ ఉదయం సుందరం వేసుకున్న పథకం చిన్నదే. చూలైలోని తన జీడిపప్పు గోడౌన్లో కెమెరా బిగించాలి, బస్తాలోంచి పప్పు మాయం చేస్తున్న దొంగను పట్టాలి, సాయంత్రానికి కొలువులోంచి తీసెయ్యాలి. ఆ దొంగ లెక్కలు రాసే బావమరిది మోహన్‌రాజేనని ఆయన నమ్మకం. రుజువొకటే తక్కువ. మెకానిక్కును పిలిస్తే నలుగురికీ చెప్తాడని దూలం మీద కెమెరా తానే బిగించి, ముందుగదిలో తెర ఉన్న రికార్డరు దాకా వైరు లాగాడు. తీరా చూస్తే కొసకు పెట్టే కనెక్టరు లేదు.

"ఏ వైరుకు సార్? ముక్క కోసి తెచ్చినారా?" అన్నాడు వీధి చివర ఎలక్ట్రికల్ షాపు అరుముగం.

"అదంతా నీకెందుకప్పా? కనెక్టరియ్యి, చాలు."

ఇంత ఆరా తీస్తున్నాడంటే వీడూ మోహన్‌రాజ్ మనిషేనని సుందరానికి అనుమానం కలిగింది. అరుముగం టీవీ పిన్ను ఇచ్చాడు. అది రికార్డరుకు ఎక్కలేదు. మళ్లీ వెళ్లి తిప్పితే పట్టుకునే రకం అడిగాడు. ఈసారి ఇచ్చింది లావు వైరుది. సుందరం సన్నవైరు అందులోంచి జారిపోయింది.

మధ్యాహ్నం ఇంట్లో ఆయన విడిచిన చొక్కా జేబులో భార్య రాజలక్ష్మికి టీవీ పిన్ను దొరికింది.

"మన టీవీ బాగానే ఉండాదే. ఇది ఏ ఇంటి టీవీకి?"

నీ తమ్ముణ్ణి పట్టడానికి అని ఎలా చెప్తాడు? "ఊరికే కొన్నా" అన్నాడు. పెళ్లయినప్పట్నుంచీ ఆయన ఊరికే ఏదీ కొని ఎరగడు. ఆయన భోంచేసి కునుకు తీస్తుండగా ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావ ఇంకో ఇంట్లో టీవీ పెట్టించినట్టుండాడురా. ఆ ఇల్లేదో కనుక్కో."

మోహన్‌రాజ్ గోడౌన్లో వేలాడుతున్న వైరు చూశాడు. కొస కత్తిరించి తీసుకెళ్లి అరుముగానికి చూపించాడు. సరైన కనెక్టరు వెంటనే దొరికింది. అది బిగించగానే తెర వెలిగింది. అక్కకు ఫోన్ చేశాడు.

"ఇల్లూ లేదు, ఏమీ లేదక్కా. కెమెరా అది. ఈడకే వచ్చి చూడు."

రాజలక్ష్మి పక్కింటి ఆటోలో వచ్చి ఊపిరి పీల్చుకునేలోగా తెర మీద సుందరం కనిపించాడు. కునుకు తీరి దొడ్డిదారిన గోడౌన్లోకి వచ్చి, వదులుగా వేలాడే తన వైరు బిగిసి ఉండటం చూసి, ఎవరో లాగారని మండిపడుతూ బస్తాల మధ్య తిరుగుతున్నాడు. బస్తా పక్కగా వెళ్తే గుప్పెడు నోట్లో వేసుకుని సరుకు చూడటం తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. దాన్ని ఆయన ఎన్నడూ తినడమని అనుకోలేదు. ఒక గుప్పెడు వెళ్లింది. కోపం పెరిగేకొద్దీ మరోటి, ఇంకోటి.

"బావా," ముందుగదిలోంచి మోహన్‌రాజ్ పిలిచాడు, "పిక్చర్ శానా క్లియర్‌గా ఉండాది. మెల్లగా నమలండి."

రాజలక్ష్మి గడపలోకి వచ్చింది. "ఎవర్ని పట్టేదానికి పెట్టినావు ఇది?"

సుందరం జవాబు చెప్పలేకపోయాడు. సిగ్గు ఒక కారణం, నోటినిండా పప్పు ఇంకో కారణం.

మర్నాటి నుంచి ఆ కెమెరా వీధిని కాపలా కాస్తోంది.