గరుడ కారు నిజంగా చెరువు దాటిందా?

ఈ దేశంలో మనుషుల్ని కలిపే శక్తి ఒక్క వ్యాపార ప్రకటనకే ఉంది! నాయకులకు లేదు, శాంతి సంఘాలకు లేదు, పేపర్లకు రాసే నాలాంటి వాళ్లకు అసలే లేదు. సినిమాకు ముందు ప్రకటనలు వేస్తే మీరు విసుక్కుంటారు. బయటికి పోయి సోడా తాగి వస్తారు. ఎంత అపచారం! ఇకమీదట కదలకుండా కూర్చుని, వీలైతే చెప్పులు విడిచి చూడండి.

ఎందుకంటారా?

కిందటేడు, అంటే అరవై తొమ్మిదిలో, మన ఊరు ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. కాలేజీలు మూత, బస్సులు బంద్. మనిషి ఎదురైతే నమస్కారం కన్నా ముందు 'మీదే జిల్లా?' అన్న ప్రశ్న. నాదే జిల్లా అని మీరు అడక్కండి. ఆ ఏడాదంతా గొంతునొప్పి అని సైగ చేసి తప్పించుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కిరాయికున్న ఇల్లు మట్టయ్యది. సరూర్‌నగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. పాత కారొకటి పెట్టుకుని పెళ్లిళ్లకు తిప్పుతాడు. అదే ఇంట్లో ఇంకో వాటా సాంబమూర్తిది. తెనాలి నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్నాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే అరుగు మీద ఒకే పేపరు చదువుకున్నవాళ్లు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చాక, ఇక్కడి ఉద్యోగాలు ఎవరివన్న సంగతి మీద ఒకనాడు మాటా మాటా పెరిగింది. అంతే, పలకరింపులు బంద్! సాంబమూర్తి బదిలీకి అర్జీ పెట్టుకుని ట్రంకు పెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. ఆయన భార్య వేదవతి, మట్టయ్య భార్య లచ్చమ్మ మాత్రం పెరట్లో పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. ఆడవాళ్లకు రాజకీయాలు తెలియవని ఇందుకే అంటారు కాబోలు!

కర్ఫ్యూ లేని ఒక ఆదివారం మగవాళ్లిద్దరూ, నేనూ ఎవరికి వారే మాట్నీకి బయల్దేరాం. ఖాళీ ఉన్నది ఒకే బెంచీ. వాళ్లిద్దరి మధ్యా సరిహద్దు రాయిలా నేను కూర్చున్నాను. అప్పుడు తెర మీదికి వచ్చింది గరుడ కారు!

అబ్బ, ఏం కారండీ! బండరాళ్లు ఎక్కింది. కోట మెట్లు దిగింది. చెరువులో మునిగి అవతలి గట్టున తేలింది. ఇంత జరుగుతున్నా వెనక సీట్లో తెల్లపట్టు చీర కట్టిన ఒకావిడ తాపీగా కాఫీ తాగుతోంది. చీర మీద ఒక్క చుక్క పడితే ఒట్టు!

"చూశారా? ఇంజనీరింగంటే అదీ!" అన్నాడు సాంబమూర్తి నా కుడి చెవిలో.

"గది బొమ్మ కారు. తొట్టిల నీళ్లు వోసి తీసిన్రు. జెప్పు ఆయనకు," అన్నాడు మట్టయ్య ఎడమ చెవిలో.

"నిజంగానే తీశారని చెప్పండి ఆయనకి."

"చెర్వుల దిగిన కారు చెర్వులనే ఉంటదని జెప్పు."

సినిమా అంతా నేను ఈ రాయబారం నడిపాను. హీరో ఎవరో, ఎందుకు ఏడ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

వారం తిరక్కుండా కాలనీ రెండుగా చీలింది. నిజం కారు, బొమ్మ కారు! చిత్రమేమిటంటే బొమ్మ కారు పక్షంలో కోస్తావాళ్లు కూడా చేరారు. నిజం కారు పక్షంలో ఇక్కడివాళ్లు బోలెడు మంది. జిల్లా అడగకుండా తిట్టుకోవడం ఎంత హాయిగా ఉందో! ఏ శాంతి సంఘం తేగలిగిందండీ ఈ మార్పు?

చివరికి మట్టయ్య అరుగు మీద నిలబడి నాతో అన్నాడు. "నా కారున్నది, చెర్వున్నది. పోయి చూద్దాం రమ్మను."

వెనక సీట్లో వేదవతి, లచ్చమ్మ కూర్చున్నారు. తెల్లచీర కట్టిన వేదవతి చేతిలో నిండు గ్లాసు కాఫీ. ముందు సీట్లో మట్టయ్యకూ సాంబమూర్తికీ మధ్య, గేరు రాడ్డుకు ఇటూ అటూ కాళ్లు పెట్టుకుని, సత్యాన్వేషిని నేను. సరూర్‌నగర్ చెరువు గట్టు మీద రాళ్లను కారు పళ్లు కొరుకుతూ దాటింది. నీళ్ల అంచుకు దిగింది. దిగి, గేదెలా నిట్టూర్చి, చక్రాల దాకా బురదలో కూర్చుంది.

జనం మూగారు. జనాన్ని చూసి ఒక కానిస్టేబుల్ లాఠీ పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏంది గీ ఊరేగింపు? ఏ పార్టీ మీది?"

ఆ లాఠీ చూడగానే ఇద్దరికీ నేను గుర్తు రాలేదు.

"తొయ్యవయ్యా మట్టయ్యా!" అని అరిచాడు సాంబమూర్తి.

"నువ్వు గూడ దిగు సారూ! గా పంచె ఎగ్గట్టు!"

నెలల తర్వాత నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలవి. కానిస్టేబుల్‌తో సహా అందరం తోశాం. కారు గట్టెక్కింది. ఇద్దరూ బురద మొహాలతో వెనక తలుపు తీసి చూస్తే, వేదవతి చీర మల్లెపువ్వులా ఉంది!

"చూశావా! ఒలకలేదు!" అన్నాడు సాంబమూర్తి.

"ఒలకడానికి ఏముందండీ? మొదటి రాయి దగ్గరే తాగేశాం," అంది వేదవతి.

"చెరి సగం," అంది లచ్చమ్మ మూతి తుడుచుకుంటూ.

ఇక సత్యం కంపెనీవాళ్లే చెప్పాలి. మర్నాడు ముగ్గురం ఆబిడ్స్‌లో గరుడ కార్ల ఏజెంటు ఆఫీసుకు వెళ్లాం. కిటికీ వెనక చక్రపాణి అనే గుమాస్తా కూర్చున్నాడు.

"అంతా నిజంగా తీసిందేనండీ. ట్రిక్కేమీ లేదు," అన్నాడు.

సాంబమూర్తి మీసం దువ్వాడు. మట్టయ్య కిటికీలోకి వంగి, "గట్లయితె నాకొకటి ఇయ్యి," అన్నాడు.

"పేరు రాయించుకోండి. ఎనిమిదేళ్లకు మీ వంతు వస్తుంది."

"ఎనిమిదేండ్లా! నేను గీడనే పుట్టిన. ముల్కీని!"

"ముల్కీలకూ ఎనిమిదేళ్లే."

"మరి మాకో?" అన్నాడు సాంబమూర్తి.

"మీకూ ఎనిమిదేళ్లేనండీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద ఇంతటి సమానత్వం ఇంకెక్కడైనా దొరికిందా?

ఇద్దరూ పేర్లు రాయించుకున్నారు. ఊరు మారితే వంతు మళ్లీ మొదటికి వస్తుందట. ఇల్లు చేరగానే సాంబమూర్తి పెట్టెలు విప్పమని వేదవతికి చెప్పాడు. అర్జీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎనిమిదేండ్ల దాక యాడికి వోతవు సారూ? జర పేపర్ల ఏమొచ్చిందో సదువు," అన్నాడు మట్టయ్య అరుగు మీద చోటు చేస్తూ.

చదవబోయే ముందు సాంబమూర్తి కళ్లజోడు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

కాబట్టి పాఠకులారా, ప్రకటనలను శంకించకండి! బండలు నిజం, మెట్లు నిజం, చెరువు నిజం. అంతా ఒప్పుకున్నాను. నాకు మిగిలిన సందేహం ఒక్కటే. అది అడగబోతుంటే చక్రపాణి కిటికీ మూసేశాడు.

ఆ ప్రకటన తీసినవాళ్లకు కారు ఎలా దొరికిందండీ? వాళ్లు కూడా ఎనిమిదేళ్లు ఆగారా, లేక ఢిల్లీలో ఎవరైనా బావమరిది ఉన్నాడా?